లేజర్ గన్ను దాటితే మళ్లీ ఎనభై

ఎదురుగా వచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు డిప్పర్ కొట్టిందంటే ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద తిరిగే డ్రైవర్లకు విషయం అర్థమైపోతుంది. ముందర పోలీసులు లేజర్ గన్ను పట్టుకొని నిలబడ్డారు. కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది, ముల్లు ఎనభై నుంచి యాభైకి దిగుతుంది. జీపు దాటి ఫర్లాంగు పోయాక మళ్లీ ఎనభై. తర్వాత ఎదురొచ్చే బండికి డిప్పర్ కొట్టడం ఇతని వంతు. ఈ కాస్త వ్యవహారం చూస్తే చాలు, మన వేగ నియంత్రణ ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. డ్రైవరు గన్నుకు భయపడుతున్నాడు తప్ప వేగానికి భయపడటం లేదు. ఆ భయం కూడా గన్ను కనబడ్డచోట మొదలై అక్కడే అయిపోతోంది.

ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం మండలం మీదుగా మాధవరం దాటి రాయచూరు వైపు సాగే 167వ జాతీయ రహదారి పేరుకే జాతీయ రహదారి. మధ్యలో డివైడరు లేని చోట్ల ఎదురెదురు బండ్లకు అడ్డం తెల్లగీత ఒక్కటే. పత్తి సీజనులో ఆదోని యార్డుకు వెళ్లే బొలెరోలు, ట్రాక్టర్లు, గురువారాలు మంత్రాలయానికి వచ్చే కర్ణాటక కార్లు, తెల్లవారకముందే పొలాలకు కూలీలను నింపుకొని బయల్దేరే ఆటోలు, గొర్రెల మందలు అన్నీ ఈ దారినే పోవాలి. 2025 నవంబరులో ఎమ్మిగనూరు మండలం కోటేకల్ దగ్గర రెండు కార్లు ఎదురెదురుగా గుద్దుకొని ఐదుగురు పోయారు. అదే ఏడాది మార్చిలో ఆదోని మండలం పాండవగల్లు దగ్గర కర్ణాటక ఆర్టీసీ బస్సు రెండు బైకులను ఢీకొన్న ప్రమాదంలోనూ ఐదుగురే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో నూటికి 71 మరణాలను అతివేగం ఖాతాలోనే రాశారు.

కాబట్టి వేగాన్ని అదుపు చేయాలా వద్దా అన్నదానిలో వాదనకు తావు లేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. అరవైలో పోతే అరగంట, ఎనభైలో పోతే ఇరవై రెండున్నర నిమిషాలు. మిగిలేది ఏడున్నర నిమిషాలు. దానికి చెల్లించే ధర చూడండి. రోడ్డు మీదికి హఠాత్తుగా గేదె అడ్డం వచ్చిందనుకుందాం. చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుంది. రోడ్డూ బ్రేకులూ బాగుంటే అరవైలో వచ్చే కారు 37 మీటర్ల లోపు ఆగుతుంది. ఆ కారు పూర్తిగా ఆగిపోయిన అదే చోట, ఎనభైలో వచ్చిన కారు ఇంకా దాదాపు అరవై వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ‘నా చేతిలో బండి కంట్రోల్‌లోనే ఉంటుంది’ అనే డ్రైవరుకు ఈ లెక్క ఒప్పుకోక తప్పదు.

అయినా డ్రైవర్ల ఫిర్యాదులను సాకులని కొట్టిపారేయలేం. టీకొట్టు దగ్గర ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట, ‘బోర్డు యాడుందో చూపించి ఫైను రాయమనండి’ అని. 2018 ఏప్రిల్ 6న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడరున్న నాలుగు వరుసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం 100, లారీకి 80. ఇలాంటి మామూలు రోడ్ల మీద కారుకు 70, లారీకి, బైకుకు 60, ఆటోకు 50. కర్నూలు దగ్గర 44వ రహదారి దిగి ఇటు తిరిగిన కారు డ్రైవరుకు ఒక్క మలుపులో 30 కిలోమీటర్లు తగ్గిపోయాయని ఎవరు చెప్పాలి? ఊళ్ల దగ్గర ఇంకా తగ్గించాలనుకుంటే గెజిట్ నోటిఫికేషనుతో పాటు రోడ్డు పక్కన బోర్డు కూడా నిలబెట్టాలని మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అంటే బోర్డు అడిగే డ్రైవరు చట్టంలో ఉన్నదే అడుగుతున్నాడు.

రెండో ఫిర్యాదు చాటుగా నిలబడటం గురించి. వేపచెట్టు నీడన, మలుపు వెనక జీపు ఆపి గన్ను పెట్టడం పట్టుకోవడానికే గానీ ఆపడానికి కాదని వారి వాదన. పోలీసుల జవాబు కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఎదురుగా నిలబడితే అక్కడ మాత్రమే తగ్గిస్తారు, కనబడకపోతేనే దారంతా భయం ఉంటుంది అంటారు. కానీ డిప్పర్ ఆచారం ఉన్నంతకాలం ఆ చాటు పది నిమిషాలకు మించి దక్కదు కాబట్టి, ఆ భయం కూడా దారంతా ఉండదు. పైగా 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ ప్రకారం ఎలక్ట్రానిక్ నిఘా ఉన్నచోటికి ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, ఉల్లంఘన నోటీసు 15 రోజుల్లో పంపాలి. చట్టం కోరుకుంటున్నది డ్రైవరు ముందే తెలుసుకొని కాలు తీయాలని.

అసలు గట్టి ఫిర్యాదు మూడోది, ‘తొందర ఓనరుది, ఫైను మాది’. చలానా బండి నంబరు మీద పడుతుంది, మెసేజ్ ఓనరు ఫోనుకు వెళుతుంది, డబ్బు డ్రైవరు బత్తెంలో కోతపడుతుంది. ‘పొద్దున ఆరు లోపల యార్డులో బండి ఉండాలి’ అన్నవాడికి నష్టం లేదు. దీనికి చట్టంలో జవాబు ఎప్పటినుంచో ఉంది. 183వ సెక్షన్ నడిపినవాడినే కాదు, తన కింద పనిచేసేవాడితో అలా నడిపించినవాడినీ నేరస్తుడంటోంది. అంతేకాదు, వేగపరిమితి మీరితే తప్ప చేరలేని టైంటేబుల్ వేసినా, ఫలానా టైముకు చేరాలని ఆదేశించినా, ఆ టైంటేబులే, ఆ ఆదేశమే నేరానికి ప్రాథమిక సాక్ష్యమని నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. అదే సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో ఒక్క సాక్షి కంటి అంచనాతో శిక్ష వేయకూడదని, యంత్రం కొలత ఉండాలని ఉంది. ఆ మాట పట్టుకొని గన్నులు కొన్నారు. పక్కనే ఉన్న నాలుగోదాన్ని పట్టించుకున్నవారు కనబడరు. రాత్రి బస్సుల టైంటేబుళ్లు, సరుకు రవాణా ఏజెంట్ల గడువులు ఒకసారి ముందేసుకొని కిలోమీటర్లతో భాగిస్తే ఎవరు తొందరపెడుతున్నారో గన్ను లేకుండానే తేలుతుంది.

చలానా ఒక్కటే మందు కాదని కర్నూలు జిల్లాకు చెప్పనక్కరలేదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. అంతకుముందే రోడ్డు మీద పడి ఉన్న బైకు ఆ ప్రమాదానికి కారణమైన మాట నిజమే. కానీ ఆ బస్సు మీద తెలంగాణలో 16 చలానాలు, 23,120 రూపాయల బాకీ ఉందని తర్వాత బయటపడింది. నో ఎంట్రీ నుంచి అతివేగం దాకా పదహారుసార్లు ఫొటో తీసిన వ్యవస్థ ఒక్కసారీ ఆ బండిని పక్కకు పెట్టించలేదు. తెలంగాణలో 2022లోనూ, 2023 డిసెంబరులోనూ పెండింగ్ చలానాలకు రాయితీ మేళాలు పెట్టారు. రెండోసారి బైకులకు 80 శాతం తగ్గింపు. వెంటనే కట్టినవాడు తెలివితక్కువవాడు, ఆగినవాడు గడుసువాడు అన్న పాఠం జనానికి ప్రభుత్వమే నేర్పినట్టయింది. తుంగభద్ర దాటి రోజూ అటూ ఇటూ తిరిగే మన డ్రైవర్లకు ఆ పాఠం బాగానే ఎక్కింది.

మరేం చేయాలి? బెంగళూరు–మైసూరు రహదారి మీద 2023లో 188 మంది చనిపోతే, 2024లో ఆ సంఖ్య 50కి దిగింది. నంబరు ప్లేటు చదివే కెమెరాలు దారి పొడవునా పెట్టడం, అవి ఉన్నాయని అందరికీ తెలియడం అందులో ప్రధాన పాత్ర వహించాయి. అది ఆరు వరుసల దారి కాబట్టి ఇక్కడికి అచ్చంగా పనికిరాకపోవచ్చు. సూత్రం మాత్రం పనికొస్తుంది. ఒకచోట వేగం కొలిస్తే డ్రైవరు ఒకచోటే తగ్గిస్తాడు. రెండుచోట్ల నంబరు చదివి మధ్య దూరానికి పట్టిన సమయం లెక్కగడితే, దారంతా తగ్గించక తప్పదు. అప్పుడు డిప్పర్ కొట్టినా ఉపయోగం లేదు, చాటున నిలబడాల్సిన పనీ లేదు. రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘాను అమలు చేయాలని 2024 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు చెప్పింది.

ఆదోని నుంచి మాధవరం దాకా ఈ ముక్కను నమూనాగా తీసుకోవచ్చు. ముందు బోర్డులు, తెలుగులోనూ కన్నడంలోనూ. నెలరోజులు చలానా లేకుండా హెచ్చరిక మెసేజ్‌లు. ఆ తర్వాత సగటు వేగం మీద జరిమానా, రాయితీ ఆశ లేకుండా. ఒకే బండికి పదే పదే పడితే ఓనరుకు నోటీసు, 183(4) కింద గడువు పత్రాల తనిఖీ. ఇంకొక్క పని పోలీసు శాఖ తనకు తానుగా చేయాలి. నెలనెలా చెప్పే చలానాల సంఖ్య, వసూలైన మొత్తం పక్కనే, ఆ రోడ్డు మీద ఆ నెలలో పోయిన ప్రాణాల సంఖ్య కూడా వేయాలి. మొదటి రెండూ పెరిగి మూడోది తగ్గకపోతే డ్రైవర్ల ఫిర్యాదే నిజమని తేలుతుంది. మూడోది తగ్గితే, మొదటి రెండూ పడిపోయినా, ఆ రోడ్డు చూసే ఎస్సైకి మెమో కాదు, మెడల్ ఇవ్వాలి.