గ్రంథచౌర్యము – గ్రంథస్వామ్యము

పట్టణములయందలి గ్రంథాలయములకు సాయంకాలము పోయి కూర్చుండు పాఠకమహాశయులకు ఈ దృశ్యము పరిచితమే. పరీక్షలకు చదువుకొను యువకుడొకడు, తనకు కావలసిన పుస్తకము బీరువాలో లేనందున, సెల్‌ఫోనులో దాని పీడీఎఫ్ ప్రతిని తెఱచి చదువుచుండును. ఆ ప్రతిని ఎవరు చేసిరో, ఎవరి యనుమతితో చేసిరో ఆతడెఱుగడు. ఎఱుగవలె ననియు తలపడు. చట్టము ననుసరించి అది దొంగసొత్తు. అయినను ఆ యువకుని దొంగ యని పిలుచుటకు మనకు నోరు రాదు. చట్టమునకును మన ధర్మబుద్ధికిని ఇట్టి వైరుధ్య మేర్పడినపుడు రెంటిలో నేదో యొకటి తప్పియుండవలెను. అది యేదియో నేడు విచారింపదలచినాము.

ముందుగా ఒక మాట. పైరసీని సమర్థించుటకు మే మీ వ్రాత పూనలేదు. తెలుగున పుస్తకము వ్రాసి, చేతిసొమ్ము వెచ్చించి అచ్చొత్తించి, ఐదువందలో వేయియో ప్రతులను స్నేహితులకును పరిచితులకును అమ్ముకొను రచయితను మన మెల్లర మెఱుగుదుము. అట్టి పుస్తకము వెలువడిన కొన్నాళ్లకే దానిని పుటపుటకు ఛాయాచిత్రము తీసి వాట్సాపు, టెలిగ్రాం బృందములలో పంచిపెట్టి, ‘సాహిత్యసేవ’ చేసితిమని మురియువారు కలరు. ఇది సేవ గాదు, చౌర్యము. దీనికి జ్ఞానదానమని పేరు పెట్టుట దానశబ్దమునకే యపచారము. తనది కానిదానిని పంచిపెట్టువాడు దాత యెట్లగును? ఆ రచయిత రెండవ పుస్తకము వ్రాయకున్న, ఆ పాపములో ఈ సేవకులకును పాలు కలదు.

గాంధీమహాత్ముడు 1910లో ‘హింద్ స్వరాజ్’ ఆంగ్లానువాదమును ప్రకటించినపుడు దానిపై హక్కు లేమియు నుంచుకొనలేదని గ్రంథముననే ముద్రించెను. ఆయనయే తదుపరి తన రచనల స్వామ్యమును నవజీవన్ సంస్థకు వ్రాసియిచ్చెను. 2008వ సంవత్సరాంతమువఱకు ఆ హక్కు చెల్లినది. విడుచుటయు నిలుపుకొనుటయు గ్రంథకర్త యిచ్ఛ. ఆ యిచ్ఛను గౌరవింపనివాడు గ్రంథమును గౌరవించుచున్నా ననుట కల్ల.

ఇంతవఱకు చట్టముతో మాకు వివాదము లేదు. వివాదము దీనికి పైని మొదలగుచున్నది.

గ్రంథస్వామ్యము తండ్రితాతలనాటి పొలమువంటి యాస్తి గాదు. 1710లో ఇంగ్లండున ఆన్ రాణి కాలమున పుట్టిన మొదటి గ్రంథస్వామ్యచట్టము తన పేరులోనే ‘విద్యాప్రోత్సాహము’ తన ప్రయోజనమని చాటుకొనెను. అది క్రొత్త గ్రంథమునకు 14 సంవత్సరముల హక్కు నిచ్చెను. అప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మఱి 14 సంవత్సరములు. అనగా ప్రజలకును గ్రంథకర్తకును నడుమ నొక ఒడంబడిక. ‘నీ వొక పుస్తకము వ్రాయుము; కొంతకాలము మఱియెవ్వరును దానిని అచ్చొత్తకుండ మేము కాపాడుదుము; నీ బ్రతుకు గడచును; ఆపైని అది మా యందఱిది’ అని ప్రజలు చెప్పినట్లు. ఈ ఒడంబడికలో రెండు పక్షములు కలవు. మూడువందల యేండ్లలో ఒక పక్షము మాత్రమే పెరుగుచు వచ్చెను.

అమెరికాలో 1998లో ఈ గడువును గ్రంథకర్త మరణించిన పిమ్మట 70 సంవత్సరములవఱకు పొడిగించిరి. మనదేశమున 1957 నాటి చట్టము మరణానంతరము 50 సంవత్సరములని నిర్ణయించినది. రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించెను గాన ఆయన గ్రంథములు 1991వ సంవత్సరాంతమున ప్రజల పరము కావలసియుండెను. ఆ గడువు సమీపింపగానే ప్రభుత్వమువారు చట్టమును సవరించి దానిని 60 సంవత్సరములు చేసిరి; ఒక్క మహాకవి గ్రంథములకొఱకు దేశమునందలి గ్రంథకర్త లందఱి గ్రంథములకును మఱి పదేండ్లు తాళము పడెను. మరణించిన రచయితను ప్రోత్సహించి మఱియొక కావ్యము వ్రాయించు నుపాయము ఈ చట్టకర్తలకేమైన తెలిసినదో మేమెఱుగము.

మన యింటి లెక్క యొకటి చూతము. శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’ 1950లో గ్రంథరూపమున వెలువడినది. కవి 1983లో మరణించెను. ప్రస్తుతచట్టము ప్రకారము దానిపై హక్కు 2043వ సంవత్సరాంతమువఱకు నిలుచును. 1950లో ఇరువదియేండ్ల ప్రాయమున దానిని కొని చదివిన పాఠకునికి, అది ప్రజాసొత్తగునాటికి 113 ఏండ్లు నిండవలెను. ఇది ఆ కవిపైగాని ఆయన వారసులపైగాని ఆక్షేపణ గాదు. చట్టపు లెక్క యట్టిది. విద్యాప్రోత్సాహమునకై పుట్టిన హక్కు తొంబదిమూడేండ్లు నిలిచినచో అది ప్రోత్సాహ మనిపించుకొనునా?

హక్కు మితిమీఱినపుడు ప్రజాప్రభుత్వ మేమి చేయవచ్చునో మన చరిత్రలోనే కలదు. సుబ్రహ్మణ్య భారతి 1921లో దారిద్ర్యమున మరణించెను. ఆతని గీతముల ధ్వనిముద్రణహక్కు కాలక్రమమున ఒక సినిమానిర్మాత చేతికి పోయెను. ప్రజలు పాడుకొను పాట యొకరి సొత్తై యుండరాదని తమిళులు ఆందోళన చేయగా, మద్రాసు ప్రభుత్వమువారు 1949లో ఆ హక్కులను తామే గైకొని, పిమ్మట వానిని ప్రజలకు ధారపోసిరి. మన ఆంధ్రజిల్లా లప్పు డా రాష్ట్రములోనివే. ఈ పనివలన గ్రంథప్రకటన నాశనమైనదని యెవ్వరును చెప్పజాలరు.

ఇక వెలల సంగతి. బియ్య మొక దుకాణమున ప్రియమైనచో పక్క దుకాణమునకు పోవుదుము. అంగడిలో వెలలను అదుపులో నుంచునది ఈ పోటీయే. గ్రంథమునకు అట్టి పోటీ లేదు. వైద్యవిద్యార్థికి నిర్ణయించిన పుస్తకమునకు బదులుగా మఱియొక పుస్తకము చదివిన చాలదు. ఒక్కని చేతిలో నున్న సరకునకు ఆ యొక్కడు చెప్పినదే వెల. చట్టము ఈ గుత్తాధికారము నిచ్చునే గాని, వెల న్యాయముగా నున్నదా లేదా యని సాధారణముగా విచారింపదు. గుత్త యిచ్చిన ప్రభుత్వమునకు వెల విచారించు బాధ్యత లేదనుట యెక్కడి నీతి?

ఈ యన్యాయము పరాకాష్ఠ నందినది శాస్త్రపత్రికల వ్యాపారమునందు. విశాఖపట్టణములోనో హైదరాబాదులోనో ఒక విశ్వవిద్యాలయాచార్యుడు ప్రజల పన్నులనుండి వచ్చిన జీతముతో, ప్రజాధనముతో కొన్న పరికరములతో, ఏండ్ల తరబడి పరిశోధించి యొక వ్యాసము వ్రాయును. దానికి ప్రకాశకులు ప్రతిఫల మీయరు. వ్యాసము గుణదోషములు పరీక్షించు విద్వాంసులకును సాధారణముగా వేతనము లేదు. అయినను స్వామ్యము మాత్రము ప్రకాశకునికి వ్రాసియీయవలెను. పిమ్మట ఆ విశ్వవిద్యాలయమే చందా కట్టి ఆ వ్యాసమును తిరిగి కొనుక్కొనవలెను. ఆవు మనది, మేత మనది, పితికినవాడు మనవాడు. పాలు మాత్రము పరాయి దుకాణమున కొనవలెను! ఎల్సివియర్ సంస్థకు మాతృసంస్థయైన రెలెక్స్, 2023వ సంవత్సరమున తన శాస్త్రవైద్యగ్రంథవిభాగమున చూపుకొన్న లాభము రాబడిలో నూటికి సుమారు 38 వంతులు. ముడిసరకునకు వెల లేని వ్యాపారమున లాభ మట్లుండుట వింత గాదు.

కేంద్రప్రభుత్వమువారు 2024 నవంబరులో ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకము నామోదించి, 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. 30 మంది ప్రకాశకుల సుమారు 13,000 పత్రికలు, 6,300 కు పైగా ప్రభుత్వ విద్యాపరిశోధన సంస్థలకు దీనివలన లభించును. జిల్లాలలోని ప్రభుత్వకళాశాల విద్యార్థికి ఇది మేలే, మేము హర్షించుచున్నాము. కాని యేటికి 2,000 కోట్లు చెల్లించియు మనము పొందినది స్వామ్యము గాదు, ప్రవేశము మాత్రమే. గడువు తీఱినంతనే మరల బేరము. ప్రైవేటు కళాశాలలో చదువు పేదవిద్యార్థికిని, ఊరి వైద్యునికిని, మన పౌరగ్రంథాలయ పాఠకునికిని ఈ ప్రవేశమును లేదు. వారు కట్టిన పన్నులు మాత్రము ఆ 6,000 కోట్లలో నున్నవి.

కజకిస్థాన్ దేశీయురాలైన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో స్థాపించిన ‘సై-హబ్’ ఈ తలుపులను చట్టమును ధిక్కరించి తెఱచినది. 2020 డిసెంబరులో మూడు విదేశీయ ప్రకాశకసంస్థలు ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసినవి. 2025 ఆగస్టులో మనదేశమున ఆ ద్వారమును మూసివేయవలసినదిగా ఉత్తర్వులైనవి. సై-హబ్ చర్య చట్టవిరుద్ధము కాదని మే మనము. కాని, తెలుగు రచయిత పుస్తకమును దోచుటకును దీనికిని భేదము లేదా? అచ్చట దోపిడి వలన కర్త జీవనము చెడును. ఇచ్చట కర్తకు పోవునది చిల్లిగవ్వయును లేదు, ఏలయన ఆతనికి మొదలే యేమియు నీయలేదు. చట్ట మీ రెంటిని ఒకే పేరున పిలుచుచున్నది. వ్యవహారమున తరచు బలవంతుని వ్యాజ్యమునే వినుచున్నది. పేదరచయితకు కోర్టు మెట్లెక్కు స్తోమత యెక్కడిది?

‘ధర హెచ్చని నగల దుకాణములో హారమెత్తుకొని పోవచ్చునా?’ యని ప్రకాశకపక్షమువా రడుగుదురు. పోరాదు. కాని హారమెత్తుకొని పోయిన దుకాణదారునికి హారము లేదు. గ్రంథమును ప్రతి తీసిన గ్రంథము మిగిలియే యున్నది. నష్టమయ్యెనేని అది రావలసిన రాబడి నష్టము. కనుక, ఎవరి రాబడి, ఎంత రాబడి, కొనగలవాడు కొనక మానెనా, కొనజాలనివాడు చదివెనా యని విచారించుటయే న్యాయము. మన న్యాయస్థానములు ఈ విచారణ చేయలేక పోలేదు. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయముపైనను, అచ్చట పాఠ్యభాగములను జిరాక్సు తీసియిచ్చు నొక చిన్నదుకాణముపైనను దావా వేసినవి. తన గ్రంథములను ఆక్స్‌ఫర్డువారు ప్రకటించుచున్నను అమర్త్యసేన్ ఈ దావాను నిరసించుచు వారికి లేఖ వ్రాసెను. 2016 సెప్టెంబరులో హైకోర్టు న్యాయమూర్తి దావాను కొట్టివేయుచు, గ్రంథస్వామ్యము దైవదత్తమైన సహజహక్కు గాదనియు, అది ప్రజల జ్ఞానాభివృద్ధికై యేర్పడినదనియు తీర్పు చెప్పెను. బోధనకొఱకు ప్రతులు తీయుటకు 52వ సెక్షను ఇచ్చిన వెసులుబాటును ఆ డిసెంబరులో ద్విసభ్యధర్మాసనమును సమర్థించెను. 2017లో ప్రకాశకులు దావాను విరమించుకొనిరి. ఆ యొడంబడిక రెండవ పక్షము చచ్చియుండలేదని ఈ తీర్పు చాటినది.

అచ్చుపుస్తకమునకు లభించిన ఈ రక్షణ యెలక్ట్రానిక్ పుస్తకమునకు చాలకున్నది. 1935లో కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు పెట్టి పల్లెపల్లెకు తీసికొనిపోయి చదివించిన దేశము మనది. ఆ పడవలోని పుస్తకము కొన్నవారిది, ఎందఱికైన చదువనీయవచ్చును. నేటి యెలక్ట్రానిక్ పుస్తకము అట్లు గాదు. మనము కొంటిమనుకొందుము, నిజమునకు షరతులపై అనుమతి మాత్రము పొందుదుము. 2009లో అమెజాన్ సంస్థ, తాను అమ్మిన జార్జి ఆర్వెల్ పుస్తకములనే, కొన్నవారి కిండిల్ పరికరములనుండి వారి నడుగకయే తుడిచివేసెను. అమ్మినవానికి ఆ ప్రతులు ప్రకటించు హక్కు లేదని సంస్థవారు చెప్పిరి. సొమ్మును తిరిగి యిచ్చిరి. కాని అచ్చుపుస్తకమునకై రాత్రివేళ మన యింటిలో జొరబడి, బల్లపై పైకముంచి పోయినవానిని మన మేమందుము? ఆ పేరు పాఠకులే నిర్ణయింతురు గాక.

కావున మేము కోరునది ఇది. ప్రజాధనముతో జరిగిన పరిశోధన ప్రజలకెల్ల ఉచితముగా లభింపవలెను. అమెరికా ప్రభుత్వమే 2022లో ఇట్టి యాదేశ మిచ్చినపుడు మన కేల సంకోచము? గ్రంథస్వామ్యపు గడువును మరల 50 సంవత్సరములు చేయవలెను. బెర్న్ ఒడంబడిక కోరునది అంతియే. మరల అచ్చు కాక, వారసు లెవరో తెలియక, బీరువాలలో చెదలు తినుచున్న తెలుగు గ్రంథములను గ్రంథాలయములు ప్రతులు తీసి చదువనిచ్చుటకు సులభమైన మార్గ మేర్పఱుపవలెను. గ్రంథాలయము కొన్న యెలక్ట్రానిక్ ప్రతిని, కాగితపు ప్రతివలెనే, ఒక్కొక్కరికి ఎరువిచ్చు హక్కు చట్టములో నుండవలెను.

పాఠకులకును ఒక మాట. న్యాయమడుగువాని చేయి శుభ్రముగా నుండవలెను. సజీవుడైన తెలుగు రచయిత పుస్తకము వెల చెల్లించి కొనుడు. కొనజాలనిచో మీ గ్రంథాలయముచేత కొనిపించుడు. దొంగప్రతి మీ ఫోనునకు వచ్చినచో మఱియొకరికి పంపకుడు. అప్పుడు మనము ప్రభుత్వమువారి యెదుట నిలిచి ధైర్యముగా అడుగవచ్చును: ‘పేదరచయిత కూడు దోచినవాడు దొంగయే, ఒప్పుకొంటిమి. ప్రజల విద్యను ప్రజలకే వెలకట్టి యమ్మువాని పేరేమో, దయచేసి మీ చట్టములో వ్రాయుడు.’