మేనమామను అడిగారా?

మిర్చి కోతలు మొదలయ్యాయంటే చర్ల మండలంలో తోటల నిండా సరిహద్దు అవతలి మనుషులే. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల అడవి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కూలికి వస్తాయి. పెద్దవాళ్లు సాళ్లలో వంగి కాయ కోస్తుంటారు. గట్టు మీద చెట్టుకొమ్మకు పాత చీరతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ, దానికి కాపలాగా ఏడెనిమిదేళ్ల పిల్ల. మీ అమ్మ ఎవరని అడిగితే ఆ పిల్ల సాళ్లలో ఒకామెను చూపిస్తుంది. తీరా ఆమెను అడిగితే తన కడుపున పుట్టింది కాదని తెలుస్తుంది. అక్క కూతురు, అక్క లేదు, బావ అంతకుముందే లేడు. ఎలా పోయారని మరో మాట అడిగితే జవాబు రాదు. ఈ తోటల్లో ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కాదు.

కాగితాల ప్రకారం ఆ పిల్లకు తల్లి లేదు, తండ్రి లేడు, చట్టబద్ధ సంరక్షకులంటూ ఎవరూ లేరు. పుట్టిన తేదీకి రుజువు ఉండదు. ఊళ్లోవాళ్లను అడిగితే మాత్రం ఆమెకు ఇల్లుంది, పిన్ని ఉంది, మేనమామ ఉన్నాడు, పెరిగి పెద్దయ్యాక ఏ గట్టు (గోత్రం) వాళ్లకు కోడలు కావచ్చో కూడా చెబుతారు. ఈ రెండు లెక్కలూ ఎప్పుడో ఒకచోట ఎదురుపడతాయి. ఎదురుపడిన రోజున సాధారణంగా కాగితమే గెలుస్తుంది. అందుకే ఈ మాట రాయవలసి వస్తోంది.

2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. కొందరిని శిబిరాలకు తరలించారు. కొందరు అడవిలో ఇంకా లోపలికి పోయారు. చాలామంది తెలుగు నేల మీదికి వచ్చి చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వారిని గుత్తికోయలన్నాం. గుడిసె వేస్తే అటవీశాఖ పీకేసింది, మళ్లీ వేసుకున్నారు. రేషన్ కార్డు, కులపత్రం అడిగితే ఇక్కడివాళ్లు కాదన్నాం. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం గిరిజన యువకులకు తుపాకులిచ్చి యుద్ధానికి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చేనాటికే ఒక తరం పిల్లలు తల్లినో తండ్రినో ఇద్దరినీనో పోగొట్టుకున్నారు. ఆ తర్వాతా తుపాకులు ఆగలేదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద సాగిన కాల్పుల వరకూ ఈ సరిహద్దు పల్లెలకు వినపడని శబ్దం లేదు. చనిపోయిన ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికి తండ్రో, అన్నో, మేనమామో. ఏ పక్షాన పోయారన్నది ఆ ఇంటి పిల్లల ఆకలికి తెలియదు.

2007 డిసెంబరులో శాంతా సిన్హా అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ దంతెవాడకూ, అప్పటి మన ఖమ్మం జిల్లాకూ వచ్చి ఈ పిల్లల చదువును, ఆరోగ్యాన్ని పరిశీలించింది. సరిగ్గా అదే నెలలో ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఒక కోర్టు మరో యుద్ధపు పిల్లల కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసును మనం మరచిపోకూడదు. ఫ్రాన్స్‌కు చెందిన 'జోయీ ఓడ' అనే సేవాసంస్థ సూడాన్‌లోని దార్ఫూర్ యుద్ధంలో అనాథలైన పిల్లలంటూ 103 మందిని విమానమెక్కించబోయి, ఆ అక్టోబరులో అబేషే పట్టణంలో పట్టుబడింది. ఫ్రాన్స్‌లో విమానాశ్రయం దగ్గర, డబ్బు కట్టిన కుటుంబాలు ఆ పిల్లల కోసం ఎదురుచూస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు, రెడ్‌క్రాస్ కలిసి పిల్లలతో మాట్లాడి చూస్తే, 91 మంది అప్పటిదాకా సొంత కుటుంబాల్లోనే, కనీసం ఒక పెద్ద దిక్కు నీడన బతుకుతున్నవాళ్లని తేలింది. చాలామంది అసలు దార్ఫూర్ పిల్లలే కాదు, చాద్ సరిహద్దు ఊళ్లవాళ్లు. చదువు చెప్పిస్తామంటే తల్లిదండ్రులు పంపారు. ఆ సంస్థ తరఫున పట్టుబడ్డ ఆరుగురు ఫ్రెంచివాళ్లకు ఎనిమిదేళ్ల కఠిన శిక్ష పడింది. కొద్ది నెలలకే చాద్ అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. పిల్లలు మాత్రం అన్ని నెలలూ అబేషేలోని అనాథాశ్రమంలోనే ఉండి, ఆ తర్వాత ఇళ్లకు చేరారు.

యుద్ధం జరిగే చోట జాలికి తొందర ఎక్కువ. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోతున్న రోజుల్లో అమెరికా వేలాది వియత్నాం పిల్లలను విమానాల్లో తరలించింది. వారిలో కొందరికి తల్లిదండ్రులు బతికే ఉన్నారంటూ అదే నెలాఖరులో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో వ్యాజ్యం పడింది. ప్రాణభయంతో బిడ్డను అందించి, తర్వాత తామూ అమెరికా చేరిన తల్లులు తమ బిడ్డల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2019లో అఫ్ఘానిస్తాన్‌లో సైనిక దాడి శిథిలాల్లో దొరికిన నెలల పిల్లను ఆమె బంధువులు తెచ్చుకుని పెంచుకుంటుంటే, ఒక అమెరికా సైనికాధికారి స్వదేశంలోని కోర్టులో దత్తత ఉత్తర్వు తెచ్చుకున్నాడు. పిల్ల బంధువులకు ఆ ఉత్తర్వు సంగతి తెలియనే తెలియదు. వర్జీనియా కోర్టుల్లో ఆ వివాదం ఏళ్ల తరబడి నడిచింది.

ఇవి దూరదేశాల కథలని అనుకోవడానికి మనకు వీల్లేదు. నల్లగొండ జిల్లా దేవరకొండ తండాలు మనవే. 1999లోనూ, మళ్లీ 2001లోనూ నల్లగొండ లంబాడా తండాల నుంచి ఆడశిశువులు హైదరాబాద్ దత్తత కేంద్రాలకు, అక్కడి నుంచి విదేశాలకు చేరుతున్న సంగతి బయటపడి రాష్ట్రం ఉలిక్కిపడింది. అక్కడ జరిగింది తుపాకుల యుద్ధం కాదు. కరువు, కట్నం, మూడోసారీ నాలుగోసారీ ఆడపిల్లే పుట్టిందన్న దిగులు. ఆ దిగులు పసిగట్టిన దళారులు కాన్పు ముందే ఇంటి ముందు వాలేవారు. తల్లి చేతికి కొద్ది రూపాయలు దక్కితే, సంస్థలకు డాలర్లు దక్కేవి. బిడ్డను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామన్న పత్రాల నిజానిజాలపై కేసులు నడిచాయి. పరిశోధకులు గీతా రామస్వామి, భంగ్యా భూక్యా ఆ తండాల్లో తిరిగి అధ్యయనం చేశారు. ఆ అధ్యయనాన్ని ఒట్టి నేరకథగా కాక, చుట్టుముట్టిన కష్టాల మధ్య చిక్కుకున్న జాతి కథగా రాశారు. 2001లో ప్రభుత్వం బిడ్డను వదులుకుంటూ రాసివ్వడాన్నే ఆపేసింది. కేంద్రాల్లోని పిల్లలు యూసుఫ్‌గూడ శిశువిహార్‌కు మారారు. సముద్రానికి అటువైపు, ఫొటో చూసి పేరు కూడా పెట్టుకున్న దంపతులు ఆ బిడ్డల కోసం న్యాయవాదులను పెట్టుకున్నారు. ఇటువైపు తల్లులకు న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదు.

ఆ దంపతులందరినీ దోషులుగా నిలబెట్టడం తప్పు. 2021లో కేరళలో ఒక తల్లి తనకు తెలియకుండా తన బిడ్డను దత్తతకు ఇచ్చేశారని సచివాలయం ముందు, శిశు సంక్షేమ సమితి ముందు కూర్చుని పోరాడింది. బిడ్డ అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక దంపతుల ఇంట పెరుగుతున్నాడు. చట్టప్రకారం దరఖాస్తు పెట్టుకుని, వరుసలో నిలబడి తెచ్చుకున్నవాళ్లు. ఆ నవంబరులో కేరళ అధికారులు వచ్చి బిడ్డను తీసుకెళ్లారు, డీఎన్‌ఏ పరీక్ష జరిగింది, కోర్టు బిడ్డను తల్లి చేతికిచ్చింది. న్యాయం జరిగింది, సందేహం లేదు. అదే సమయంలో మన తెలుగు ఇంట్లో ఒక ఉయ్యాల ఖాళీ అయింది, వాళ్లు చేసిన తప్పేమీ లేకుండానే. మొదట్లో ఒకరు సరిగ్గా విచారించి ఉంటే ఈ రెండు ఇళ్లలో దేనికీ అంత దుఃఖం వచ్చేది కాదు.

మన దేశంలో చట్టం లేకపోలేదు. విదేశీ దత్తతల పేరిట సాగుతున్న అక్రమాలపై న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1984లో సుప్రీంకోర్టులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు క్రమాన్ని స్పష్టంగా చెప్పింది: ముందు కన్నవారి కుటుంబం, అది కుదరకపోతే దేశంలోని మరో కుటుంబం, అదీ దొరకనప్పుడే విదేశం. ఆ వెలుగులోనే 1990లో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ 'కారా' ఏర్పడింది. దేశాంతర దత్తతలపై హేగ్ ఒప్పందాన్ని 2003లో మన దేశం ఆమోదించింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి బాలల న్యాయచట్టం. ఎవరూ లేరనుకున్న బిడ్డ వయసు రెండేళ్లలోపైతే రెండు నెలల్లో, ఆపైనైతే నాలుగు నెలల్లో బాలల సంక్షేమ కమిటీ దత్తతకు అర్హత తేల్చాలి. ఆ తర్వాత 60 రోజుల్లో దేశంలోనివారు గానీ ప్రవాస భారతీయులు గానీ ముందుకు రాకపోతే విదేశీ దత్తతకు దారి తెరుచుకుంటుంది. వైకల్యం ఉన్న పిల్లలకు, ఐదేళ్లు దాటినవారికి, తోబుట్టువులకు ఆ దారిలో ప్రాధాన్యం ఇవ్వవచ్చని కూడా చట్టమే చెబుతోంది.

ఈ చివరి వాక్యం దగ్గర చర్ల గుర్తుకు రాక మానదు. అడవి పోరులో తల్లిదండ్రులను పోగొట్టుకునే పిల్లలు పొత్తిళ్లలోని పసికందులే కారు. ఐదేళ్లు దాటినవాళ్లు, చంకన తమ్ముణ్ని మోసేవాళ్లు. దేశంలో దత్తత కోరేవారిలో ఎక్కువమంది అడిగేది నెలల బిడ్డను. పెద్దపిల్లలకూ తోబుట్టువులకూ మిగిలేది ఎక్కువగా విదేశాల నుంచి వచ్చిన దరఖాస్తులే. అది కొందరు పిల్లలకు నిజంగా వరమే అవుతుంది. ఎవరూ లేని బిడ్డ, వైద్యం కావలసిన బిడ్డ, ఏ దేశంలోనైనా అమ్మానాన్నలను పొందితే సంతోషించాలి. మన పట్టింపు ఒక్కటే: ఎవరూ లేరన్నది నిజం కావాలి.

రెండు నెలలు, నాలుగు నెలలు అన్న గడువు పట్టణంలో కూర్చుంటే ఎక్కువే అనిపిస్తుంది. వానాకాలంలో వాగులు పొంగితే సరిహద్దు పల్లెలకు వారాల తరబడి దారి ఉండదు. తునికాకు కాలంలో మనుషులు ఊళ్లో ఉండరు. పిల్ల తండ్రి జైల్లో ఉంటే, బాబాయి శిబిరంలో ఉంటే, మేనమామ పోలీసులంటే భయపడి కార్యాలయం గడప తొక్కకపోతే, ఆ మౌనాన్ని 'ఎవరూ రాలేదు' అని రాసుకుంటారు. కన్నవారి ఆచూకీ కోసం పత్రికలో ప్రకటన వేయాలన్నది నిబంధన. వేరే రాష్ట్రం బిడ్డ అయితే ఆ ప్రాంతంలో, అక్కడి భాషలో వేయాలి. సుక్మా అంటే హిందీ పత్రికలో వేస్తారు. ఆ పల్లెల్లో హిందీ చదివేవారు తక్కువ, పత్రిక చేరే ఊళ్లు ఇంకా తక్కువ. ప్రకటన పడుతుంది, ఫైలు కదులుతుంది, మేనమామకు కబురు చేరదు.

మేనమామ వచ్చినా చేతిలో కాగితం ఉండదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కోయల్లో బిడ్డను చేరదీయడం ఊరిపెద్దల ఎదుట జరిగిపోతుంది. మూడో గట్టు, ఐదో గట్టు అంటూ గట్టు, ఇంటిపేరు చెబితే చాలు, మూడు రాష్ట్రాల అడవిలో ఎవరు ఎవరికి ఏమవుతారో పెద్దలు చెప్పగలరు. చింతూరు ఆంధ్రలో, చర్ల తెలంగాణలో, కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి గానీ చుట్టరికానికి ఆ గీతలు లేవు. ఇంత పక్కా వంశవృక్షం మన నగరాల్లో ఎన్ని ఇళ్లలో ఉంది? దాన్ని సాక్ష్యంగా స్వీకరించే అలవాటు మాత్రం కార్యాలయాలకు లేదు.

బంధువుల ఇల్లు అన్నంత మాత్రాన స్వర్గమని కాదు. మిర్చి తోటలో ఉయ్యాల ఊపుతున్న ఆ పిల్ల బడిలో ఉండాలి. 2020 ఏప్రిల్‌లో ఇదే గోదావరి తీరపు మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని ఇంటికి నడిచివెళుతూ పన్నెండేళ్ల బాలిక దారిలోనే కన్నుమూసిన సంగతి మరువలేం. పిన్ని పేదరికం ఆ పిల్లకు భారమే. ఆ భారాన్ని తగ్గించడానికి పిల్లను పిన్ని దగ్గర నుంచి తీసేయనక్కరలేదు. 'మిషన్ వాత్సల్య' కింద బంధువుల ఇంట పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం ఇచ్చే ఏర్పాటు ఉంది. దానికి ఆధార్, ఆదాయపత్రం, నివాసపత్రం కావాలి. వలస గుడిసెలో అవి దొరకవు. అత్యవసరంగా సడలించవలసింది ఇక్కడ.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు నుంచి కాక జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, సంతకంతో వెలువడుతోంది. కనుక అడగవలసింది కలెక్టర్లనే. సరిహద్దు పల్లెల్లో దొరికిన ఏ బిడ్డ విషయంలోనైనా పత్రికా ప్రకటనతో సరిపెట్టకండి. చర్లలో, కుంటలో, పామేడులో జరిగే సంతల్లో కోయ భాషలో చాటింపు వేయించండి. ఊరి పటేల్‌నూ, పూజారినీ, ఆశా కార్యకర్తనూ పిలిపించి బిడ్డ ఇంటిపేరు, గట్టు అడిగి రాసుకోండి. ఆ వాంగ్మూలం లేని ఫైలును కొత్తగూడెం బాలల సంక్షేమ కమిటీ తిప్పి పంపాలి. వానాకాలపు నెలలను గడువులో లెక్కించకూడదని రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రాన్ని కోరాలి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, సుక్మా, బీజాపూర్ అధికారులు ఈ ఒక్క పనికి ఒకేచోట కూర్చోవాలి. ఎన్‌కౌంటర్ల సమాచారం సరిహద్దు దాటి గంటల్లో చేరుతోంది. ఒక బిడ్డకు బంధువులున్నారన్న సమాచారం కూడా అలాగే చేరాలి.