చెంచులక్ష్మి ఒక్కతే కాదు

మన కర్నూలు, కడప సీమలో చెంచులక్ష్మి కథ తెలియనివాళ్లు అరుదు. అహోబిలం నరసింహస్వామి అడవిపిల్లను వలచి పెండ్లాడిన కథ అది. ఓబయమంత్రి గరుడాచల యక్షగానంగా రాసినాడు. 1943లో ఒకసారి, 1958లో మరొకసారి సినిమాగా వచ్చింది. ఇక వీధి భాగవతాల్లో, హరికథల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఎన్నిసార్లు ఆడినారో లెక్కలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఒక నాటిక రాసి ఆడించినవాణ్ణే. చెంచుపిల్లకు తలలో నెమలీకలు పెట్టి, నడుముకు ఆకులు కట్టి, చేతికి విల్లిచ్చి గంతులేయించినాను. చప్పట్లు బాగానే పడినాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటారా? నా నాటికలో ఆ పిల్లకు ఒకటే కల: బయటినుంచి వచ్చే పెండ్లికొడుకు. ఆమెకు అమ్మ లేదు, వదిన లేదు, నీళ్లకు తోడొచ్చే నేస్తం లేదు. చెలికత్తెలు నలుగురున్నా పాట పాడి లోపలికి పోయేవాళ్లే. నల్లమలలో అట్లా ఒంటిగా ఎవరు బతుకుతారు? గడ్డలు తవ్వను పోయినా, ఇప్పపూలు ఏరను పోయినా, జిగురు తేను పోయినా తోడు కావాల్సిందే. గూడెం లేనిదే చెంచిత లేదు. మన రంగస్థలం గూడేన్ని తుడిచేసి ఒక్క అందగత్తెను మాత్రం మిగుల్చుకుంది.

పాత కథను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అహోబిలం చెంచులకు స్వామి ఇంటి అల్లుడు. కనుమనాడు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీ ఊరూరా తిరుగుతుంది. ఆ ఉత్సవంలో విల్లు పట్టి నిలబడే హక్కు చెంచులది. దేవుడితో చుట్టరికం కలుపుకున్న ఆ ధీమా గొప్పది. ఆ చుట్టరికం మొత్తం గూడేనిది. దాన్ని ఒక్క పిల్ల వలపుకథగా కుదించింది మాత్రం మనమే.

ఇది నాకు తెలిసివచ్చింది వేరే దేశపు నాటకం ఒకటి చదివినాక. కెనడాలో క్రీ తెగకు చెందిన టాంసన్ హైవే రాసిన ‘ది రెజ్ సిస్టర్స్’ 1986లో టొరాంటోలో తొలిసారి ఆడినారు. ఆదివాసులకు సర్కారు గీసిచ్చిన హద్దును అక్కడ రిజర్వు అంటారు. అట్లాంటి రిజర్వులో ఏడుగురు ఆడవాళ్లు. అక్కచెల్లెండ్లు, వదినెలు, ఇరుగుపొరుగు. టొరాంటోలో బింగో అనే లాటరీ ఆట పెద్దఎత్తున జరుగుతుందని విని, పనులు చేసి డబ్బు కూడబెట్టి, బండి కట్టుకుని పోతారు. ఒకామెకు ఊళ్లో మంచి రోడ్డు పడాలని కల. ఒకామెకు మంచి పొయ్యి. ఇంకొకామెకు మరుగుదొడ్డి. పధ్నాలుగుమంది బిడ్డల తల్లి ఒకామె క్యాన్సరుతో ఉంది. ఆమె కల వేరు. తిట్టుకుంటారు, కొట్టుకోబోతారు, మళ్లీ కలుస్తారు. పెద్ద బహుమతి రాదు. బిడ్డల తల్లి చనిపోతుంది. మరుగుదొడ్డి కోరినామెకు మాత్రం అది దక్కుతుంది. చిన్న కలలని మనం నవ్వచ్చు గానీ, ఏడుగురూ కలిసి మోసినందువల్లే వాటికి అంత బరువొచ్చింది.

మరి నల్లమల ఆడవాళ్ల కలలేమిటి? 1983లో అడవి పులుల అభయారణ్యమైంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పులికి హద్దు ఒకటి, మనిషికి పట్టా ఒకటి. ఆ రెంటి నడుమ బతికే తల్లి, హాస్టలుకు పోయిన కూతురు, మనుమరాలికి అడవిదారులు చూపించే అవ్వ, ఒకే చెట్టుకింద కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? నేనే ఊహించి రాస్తే మళ్లీ నెమలీకలే అవుతాయి. హైవే ఆ జనంలో పుట్టినవాడు. మనం కాము. కాబట్టి పోయి అడగాలి, వినాలి, రాసింది వాళ్లకే చదివి వినిపించాలి. “ఇది మేం కాదప్పా” అంటే కొట్టేయాలి.

“నాటకం వినోదం కోసం గదా, ఇంత రాద్ధాంతమెందుకు?” అని మిత్రులంటారు. ఆ ఏడుగురి నాటకం నిండా నవ్వులే. ఎవర్నో చూసి నవ్వడం వేరు, వాళ్లతో కలిసి నవ్వడం వేరు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి సమాజం ఆడవేషాలు ఆడవాళ్లతోనే వేయించి తెలుగు నాటకానికి దారి చూపింది. మగవాళ్లు చీరలు కట్టి ఆడుతున్న కాలమది. ఆ గడ్డమీద చదువుకునే మనం ఇంకొక్క అడుగు వేయలేమా? చెంచిత వేషమే కాదు, ఆమె మాట కూడా ఆమెదే కావాలి. వచ్చే యేడు వార్షికోత్సవంలో విద్యార్థి సంఘం ఒక్క నాటిక అట్లా తయారు చేయాలని నా విన్నపం. మన తరగతుల్లో చెంచుపిల్ల ఉంటే కలం ఆమెకే ఇవ్వండి. లేకపోతే, ఎందుకు లేదో అడగడంతోనే నాటిక మొదలుపెట్టండి.