అటక మీది మానిక

మీ ఇంట్లో అటక మీద ఏమేం ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సొట్టపోయిన ఇత్తడి బిందె, తాడు తెగిన కవ్వం, మూత లేని జాడీ, జంతికల గొట్టం, అట్ట ఊడిన వంటల పుస్తకం - వీటిలో ఒకటో రెండో ఉండే ఉంటాయి. పండగకు ఇల్లు దులిపేటప్పుడు వాటిని కిందికి దించుతాం. "ఇంకా ఎందుకివి?" అని ఒకరంటారు. "ఉండనీ, అమ్మవి" అని ఇంకొకరంటారు. మళ్ళీ పైకి ఎక్కిస్తాం. ఏదో ఒక ఏడు పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వస్తాడు. తూకం వేసి పట్టుకుపోతాడు.

ఇలాంటి పాత వంటసామాను, పాత వంటల పుస్తకాలు సేకరించడం కొందరికి సరదా. తపాలా బిళ్ళలు, నాణేలు సేకరించేవారిని మనం ఎరుగుదుం. గరిటెలు, అడకత్తెరలు సేకరిస్తారంటే మాత్రం నవ్వు వస్తుంది. అది నవ్వవలసిన పని కాదని, మనలో ప్రతి ఒక్కరూ ఎంతో కొంత చేయదగిన పని అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. చదివి, మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోండి.

కొలత పోతే రాత ఉన్నా లేనట్లే

మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మా అమ్మమ్మకు చదువు రాదు. ఆమె చెబుతూ ఉంటే మా అమ్మ ఆవకాయ పాళ్ళు నోటు పుస్తకంలో రాసిపెట్టింది: ముక్కలు కుంచం, కారం మానిక, ఆవపిండి మానిక, ఉప్పు మానికకు గిద్దె తక్కువ, నూనె వీశె. పుస్తకం భద్రంగా ఉంది. కాని ఇత్తడి మానికను, సోలను, గిద్దెను ఒక వేసవిలో స్టీలు బక్కెట్టుకు మార్చేశాం.

కొన్నేళ్ళ తరువాత ఆ లెక్క ప్రకారం ఆవకాయ పెట్టబోయాం. వీశె అంటే 120 తులాలు, అంటే దాదాపు కిలో 400 గ్రాములు. అది తూకం కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. మానిక అలా కాదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని లెక్క అందరూ చెబుతారు. అసలు మానికలో ఎంత పడుతుంది? అది ఊరిని బట్టి మారేది. కొలిచేటప్పుడు తలకొట్టి కొలిచారా, గోపురంగా పోసి కొలిచారా అన్నది ఇంటిని బట్టి మారేది. మేము మానిక అంటే లీటరున్నర ఉంటుందని ఊహించి కొలిచాం. ముక్కలు ఎక్కువై, వీశె నూనె చాలలేదు. జాడీలో నూనె పైకి తేరలేదు. నెల తిరక్కుండా బూజు పట్టింది.

తరువాత మా పిన్ని ఇంట్లో అమ్మమ్మ మానికకు జోడు దొరికింది. నీళ్ళు పోసి కొలిచి చూస్తే లీటరుకు కాస్త తక్కువే పట్టింది. అప్పుడు గాని అమ్మ రాసిన కాగితానికి అర్థం తెలియలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుంచి అమలు మొదలై, 1962 నాటికి కిలోలు, లీటర్లే చట్టబద్ధమైన కొలతలయ్యాయి. అది మంచి మార్పు. ఊరికో కొలత ఉంటే సంతలో మోసపోయేది పేదవాడే. కాని అంతకు ముందు చెప్పిన, రాసిన వంటలన్నీ పాత కొలతల్లోనే ఉండిపోయాయి. ఆ పాత్ర ఆ రాతకు తాళంచెవి. తాళంచెవిని తూకానికి అమ్ముకుంటున్నామని మనకు తెలియడం లేదు.

పుస్తకం చెప్పేదీ, చెప్పనిదీ

వంట గురించి రాయడం మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో చాళుక్యరాజు సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో భోజనాల వర్ణన ఉంది. కన్నడంలో మంగరసు రాసిన 'సూపశాస్త్రం' ఉంది. అవి పండితులకు, రాజుల ఇళ్ళకు సంబంధించినవి. సామాన్య గృహిణి పొయ్యి పక్కన పెట్టుకొని చూసుకొనే అచ్చు పుస్తకాలు తరువాత వచ్చాయి. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 'సమైత్తుప్పార్' 1951లో వచ్చింది. తెలుగులో మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ఎన్నోసార్లు అచ్చయి, ఎందరి ఇళ్ళలోనో చేరింది.

ఇలాంటి పుస్తకం పాత ప్రతి ఒకటి దొరికితే వంట కోసమే చదవకండి. అది ఏ పొయ్యి మీద వండమంటున్నదో చూడండి. కుంపటి అంటుందా, కిరసనాయిలు స్టవ్వు అంటుందా? నానబెట్టిన పప్పును రోట్లో రుబ్బమంటుందా, మిక్సీలో వేయమంటుందా? ఎంతమందికి వండుతుంది? అంచుల్లో పెన్సిలుతో ఎవరైనా "బెల్లం తగ్గించాలి" అని రాశారా? ఏ పేజీకి నూనె మరకలు ఎక్కువ ఉన్నాయి? ఆ ఇంటివారు ఏం తిన్నారో, ఎలా బతికారో ఆ మరకలు చెబుతాయి.

"తగినంత ఉప్పు" అని పుస్తకం ఊరుకుంటుంది. ఎంత తగినంతో వండే చేతికి తెలుసునని దాని నమ్మకం. ఆ చేయి ఇంకా మన ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.

పాత్ర మీది పేరు

పాత పాత్రలను తిరగేసి చూడండి. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంటుంది. పెళ్ళికి ఇచ్చినవారిదో, పెళ్ళికూతురిదో ఆ పేరు. ఒక్కోసారి తేదీ కూడా ఉంటుంది. మన అమ్మమ్మల్లో చాలామందికి పొలం కాగితాల్లో పేరు లేదు, బడి హాజరు పట్టీలో పేరు లేదు. అక్షరాల్లో వారి పేరు మిగిలింది ఆ చెంబు మీదే కావచ్చు. ఆ చెంబును కరగబెడితే పోయేది లోహం కాదు, ఆ పేరు.

ఒక్కొక్క పాత్ర వెనుక ఒక తెలివి కూడా ఉంది. రాగిలో తుత్తునాగం కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పడుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి పూయించేవారు. పులుసుకు రాతితో తొలిచిన రాచ్చిప్ప వాడేవారు. రాయికి పులుపుతో పేచీ లేదు, వేడి కూడా చాలాసేపు నిలుస్తుంది. ఆ చేతిపని ఇంకా మిగిలే ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి సీమలోని అజ్జరం ఇత్తడి పనికి పేరు పొందాయి. పంజాబులోని జండియాలా గురులో ఠఠేరాలు చేసే ఇత్తడి, రాగి పాత్రల పనిని యునెస్కో 2014లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

రెండు అభ్యంతరాలు

"ఇది ఉన్నవాళ్ళ సరదా" అని మీరు అనవచ్చు. కొంత నిజమే. పేదవాడి ఇంటి బిందెను చవకగా కొని, మెరుగుపెట్టి, హాల్లో అలంకారంగా ఉంచేవారు ఉన్నారు. దాన్ని నేను సేకరణ అనను. పాత్ర కథ అడగకుండా పాత్రను మాత్రమే కొన్నవాడికి దక్కేది లోహమే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. "ఆ రోళ్ళు, తిరగళ్ళు ఆడవాళ్ళ నడుములు విరిచాయి. వాటిని పూజించాలా?" అక్కర్లేదు. గ్రైండరు వచ్చినందుకు సంతోషించవలసిందే. తిరగలి దాచడం తిరగలి విసరమని చెప్పడం కాదు. పిడి అరిగిన తిరగలిని చూస్తే, ఆ అరుగుదల ఎవరి చేతులదో పిల్లలకు తెలుస్తుంది. కష్టాన్ని మరిచిపోకుండా ఉండడానికి కూడా సేకరణ కావాలి.

పుణేలో దినకర్ కేళ్కర్ అనే ఆయన దీపాలు, అడకత్తెరలు, వంటింటి సామాను ఊరూరా తిరిగి సేకరించారు. చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేరు మీద వాటిని మ్యూజియంగా నిలిపి, 1975లో మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. అహ్మదాబాదులో 1981లో మొదలైన వేచార్ మ్యూజియంలో ఉన్నవన్నీ పాత్రలే. రాజుల కత్తులతో పాటు తల్లుల గరిటెలు కూడా చరిత్రేనని ఈ రెండూ చెబుతున్నాయి.

మీరు ఏం చేయవచ్చు?

డబ్బు పెట్టి కొననక్కర్లేదు. మీ ఇంట్లోని ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి. పేరు చెక్కిన చోట గట్టిగా తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కళాయి పోయిన ఇత్తడి పాత్రలో పులుపు వండకండి. చిరిగిన పుస్తకానికి జిగురు టేపు అంటించకండి. కొన్నాళ్ళకు అది కాగితాన్నే తినేస్తుంది. పాత మానిక ఉంటే నీళ్ళు పోసి ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలవండి.

తరువాత ఒక కాగితం తీసుకోండి. ఆ వస్తువు పేరు, ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, దేనికి వాడేవారు - ఈ నాలుగూ రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవారిని అడగండి. ఈ ఏడే అడగండి.

మా అమ్మమ్మకు అన్నీ తెలుసు, రాయడం రాదు. మీరు పగలు పని చేసుకొని, రాత్రి దీపం దగ్గర ఈ పాఠాలు చదువుతున్నారు. మీకు రాయడం వచ్చు. పరీక్షకే కాదు, ఈ పనికి కూడా ఆ చదువు పనికి వస్తుంది. అటక మీది మానిక మీ కోసమే ఎదురుచూస్తున్నది. ఒకసారి కిందికి దించండి.