నడక నాది... బరువూ నాదే!

ఆరు వారాలుగా తెల్లవారుజామునే లేచి కేబీఆర్ పార్కులో ముప్పావుగంట నడుస్తున్నాను. ఒక్కరోజు కూడా నాగా లేదు. మొన్న బరువు చూసే మిషను ఎక్కితే... 78 కిలోలవాణ్ణి 80కి చేరాను! నవ్వొచ్చిందా మీకు? నాకు మాత్రం భయం వేసింది. మా నాన్నగారికి షుగరు వచ్చింది సరిగ్గా ఈ వయసులోనే మరి!

డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. "నడక అయ్యాక ఏం తింటున్నారో రాయండి" అని కాగితం చేతికిచ్చారు. రాశాను... నేతి మసాలా దోసె, కాఫీ, ఆపైన "ఇంత నడిచాం కదా" అని రెండు గారెలు! ముప్పావుగంట నడకకి ఖర్చయ్యేది సుమారు 200 క్యాలరీలు. దోసె ఒక్కటే ఆ లెక్కని మింగేస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెడితే కండరాల్లో నీరు నిలిచి మొదట్లో బరువు కాస్త పెరగొచ్చుట. "నడుము కూడా కొలిచి చూడండి" అన్నారు. కొలిచాను. అదీ పెరిగింది! నీటి సాకు కూడా పోయింది.

సినిమా వాళ్ళ సంగతి వేరు. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' చిత్రం కోసం అనుష్క శెట్టిగారు కావాలనే బరువు పెరిగారు. అంతకుముందెప్పుడో యోగా నేర్పిన మనిషి ఆవిడ! ఆ వేషానికి పారితోషికం ఉంది. నా వేషానికి ఏముంది చెప్పండి?

అందుకే నడక మానను. గారెలు మానేశాను. దోసె సంగతంటారా... వచ్చేవారం చెబుతాను!