చౌక పాలసీ – ఒక అసమీకరణం

గణితం నా శాస్త్రం కాదు, తెలుగు బోధించేవాణ్ణి. అయినా మూడేండ్ల క్రితం మా అమ్మకు హఠాత్తుగా శస్త్రచికిత్స అవసరమై, విజయవాడలో ఆసుపత్రి బిల్లు చేతబట్టుకొని నిలబడిన నాడు, ఇంటర్మీడియట్‌లో చదివి మరచిన అసమీకరణాలు జ్ఞప్తికి వచ్చాయి.

అంతకుముందు నా యెదుట రెండు పాలసీలు ఉన్నాయి. ఒకదానికి సంవత్సర ప్రీమియం 12,000 రూపాయలు. కాని ఆసుపత్రి బిల్లులో ఐదవ వంతు మనమే భరించాలి. దీనినే కో-పే అంటారు. రెండవదానికి ప్రీమియం 18,000. బిల్లంతా కంపెనీయే చెల్లిస్తుంది. ఆరువేలు మిగులుతాయి గదా అని మొదటిదే తీసుకొన్నాను.

బిల్లును 'బ' అనుకుందాం. మొదటి పాలసీ చౌక కావాలంటే 12,000 + బ/5 < 18,000 కావాలి. ఇరువైపులా 12,000 తీసివేస్తే బ/5 < 6,000. అనగా బ < 30,000. మా అమ్మ బిల్లు 1,80,000. ప్రీమియంతో కలిపి నేను మోసినది 48,000. రెండవ పాలసీ అయితే 18,000తో పోయేది.

'బ' ఎంతో ముందుగా ఎవరికి తెలుసునని విద్యార్థులు అడగవచ్చు. ఎవరికీ తెలియదు. అసమీకరణం దాని విలువ చెప్పదు. ఏ హద్దు దాటితే మన నిర్ణయం తారుమారవుతుందో చెబుతుంది. హద్దు ముప్పైవేలని తెలిశాక, ఇంట్లో అరవై దాటిన తల్లిదండ్రులున్నారా అన్నదే ప్రశ్న. ఆరోగ్యవంతుడైన యువకుడికి చాలా ఏండ్లు మొదటిదే లాభమని ఒప్పుకొంటాను. పాత జబ్బుల విషయం వేరు. వాటికి నిరీక్షణ కాలం ఉంటుంది. దాని గరిష్ఠ పరిమితిని 2024లో బీమా నియంత్రణ సంస్థ నాలుగేండ్ల నుండి మూడేండ్లకు తగ్గించింది. ఆ గడువు తీరేదాకా ఆ జబ్బుకు 'బ' మొత్తం మనదే, ఐదవ వంతు కాదు.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు ప్రీమియం బాధ తప్పించింది. ఆ పరిధికి కొంచెం ఎగువన ఉన్న చిరుద్యోగి, చిన్న దుకాణదారుడు మాత్రం బజారులో పాలసీ కొనుక్కోవలసిందే. లెక్క కావలసినది వారికి.

తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వారసత్వపు పంపకాల లెక్కలే. ఇంటి లెక్కకు పుట్టిన విద్యను మనం పరీక్ష హాలులో బంధించాము.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏదైనా ఒక ఆదివారం తల్లిదండ్రులను పాలసీ కాగితాలతో కళాశాలకు రమ్మనండి. లెక్క మన ఇంటర్ విద్యార్థులు వేస్తారు. కాగితంలోని చిన్న అక్షరాలను చదివి తెలుగులోను ఉర్దూలోను విప్పిచెప్పే పని మా భాషా శాఖలు చూసుకొంటాయి.