మీరేం చదువుతున్నారు?

మొన్న శ్రావణమాసంలో బంధువులమ్మాయి పెళ్ళికని తెనాలి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఎవరనుకున్నారు? మా హైస్కూలు తెలుగు టీచరుగారు. డెబ్భై అయిదేళ్ళు దాటాయి. చెవులు కాస్త మందగించాయి గానీ గొంతు మాత్రం అప్పటి గొంతే. కుశలప్రశ్నలయ్యాక, "చదువులెలా ఉన్నాయే?" అనడిగారు.

"పెద్దవాడు బీటెక్ మూడో సంవత్సరమండీ. చిన్నది ఇంటర్ కొచ్చింది" అన్నాను.

"వాళ్ళ చదువులు కాదే. నీ చదువు. ఇప్పుడేం పుస్తకం చదువుతున్నావ్?"

ఒక్క క్షణం నోట మాట రాలేదు. తర్వాత ఏదో ఒక పుస్తకం పేరు చెప్పేశాను. సంక్రాంతికి మొదలుపెట్టి, నలభయ్యో పేజీలో బస్ టికెట్టు గుర్తుపెట్టి, అలమరలో పెట్టేసిన పుస్తకం అది. పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నన్ను బస్సులో ఇంటిదాకా వెంటాడింది. వారం వారం ఈ పేజీలో మీకు ఎన్నో కబుర్లు చెప్పే నేను, ఎనిమిది నెలల్లో ఒక్క పుస్తకం కూడా పూర్తి చెయ్యలేదు!

ఇంకో సంగతి కూడా తట్టింది. నన్నీ ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో! కూరేం వండావు, చీరెంత పెట్టి కొన్నావు, పిల్లాడికి ర్యాంకెంత... ఇవన్నీ రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నువ్వేం చదువుతున్నావని మాత్రం అడగరు. అడగకపోతే మనకీ గుర్తుండదు. మెల్లిగా అలవాటు పోతుంది. పోయిందన్న సంగతి కూడా తెలియదు.

మా అమ్మ ఎనిమిదో తరగతితో చదువాపేసింది. కానీ ఆవిడ చదివినన్ని నవలలు నేను చదవలేదు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసేది. నాయనమ్మ అడుగుల చప్పుడైతే ఆ పుస్తకం బియ్యం డబ్బాలోకి వెళ్ళిపోయేది. కోడలు పుస్తకం పట్టుకుంటే ఇల్లు గుల్లవుతుందని ఆవిడ భయం. అమ్మ కుట్టిన పుస్తకాలు వీధంతా తిరిగొచ్చేవి. వచ్చేటప్పటికి ఒక పేజీకి పసుపు మరక, ఇంకో పేజీకి నూనె చుక్క. ఏ పేజీ దగ్గర ఎవరింట్లో పోపు మాడిందో అమ్మ చెప్పేది!

యద్దనపూడి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి, కోడూరి, వాసిరెడ్డి... ఇంటిపేరు చెబితే చాలు, ఎవరో అందరికీ తెలిసేది. అవన్నీ ఆడవాళ్ళ కాలక్షేపం పుస్తకాలని తీసిపారేసినవాళ్ళూ ఉన్నారు. కానీ కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయిందన్నా, యద్దనపూడి 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో తెరకెక్కాయన్నా ముందు వాటిని చదివి, చెప్పుకుని, చేతులు మార్చింది మన అమ్మలే కదా! మాలతీ చందూర్ చేసిందీ ఇంచుమించు అదే. ఇంగ్లీషు నవలలు చదివి, వాటి కథల్ని 'పాత కెరటాలు' పేరుతో తెలుగులో చెప్పారు. ఇంగ్లీషు రాని ఎంతోమంది ఇల్లాళ్ళకి బయటి ప్రపంచపు నవలలు అలాగే పరిచయమయ్యాయి. చదివినావిడ చదవనావిడకి చెప్పడం... మన చదువు పెరిగింది ఈ దారినే.

ఇప్పుడు నా సంగతి. పెళ్ళినుంచి వచ్చిన రాత్రే అలమర తెరిచాను. ఆ నలభయ్యో పేజీ పుస్తకాన్ని అలాగే ఉంచి (నచ్చని పుస్తకం పూర్తిచేసి తీరాలన్న రూలేం లేదు), కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' తీశాను. కొని ఎన్నాళ్ళో అయింది గానీ చదివింది లేదు. 1918లో పుట్టిన మనిషి ఆవిడ. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ వెంటనే వైధవ్యం. మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం. తర్వాత భర్త విడిచిపెట్టి వెళ్ళిపోతే, ముప్పై దాటాక మళ్ళీ బడి పుస్తకాలు పట్టుకుని మెట్రిక్ పాసయ్యారు. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ళమీద తను నిలబడ్డారు. కొడుకునీ, కూతురినీ పోగొట్టుకున్నారు. ఇవన్నీ తొంభై దాటాక రాస్తే 2012లో పుస్తకంగా వచ్చింది. ఇంత దుఃఖమూ చెబుతూ ఎక్కడా గొంతు పెంచరు. నూరేళ్ళు నిండాక, 2018లో కన్నుమూశారు.

రాత్రి వంటిల్లు సర్దాక రోజుకి పది పేజీలు. అంతే. మొదటి మూడు రోజులూ చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోయేది. నాలుగో రోజునుంచి ఫోన్ హాల్లో పెట్టేసి గదిలోకి వస్తున్నాను. 'టైమెక్కడిది?' అని మనమందరం అంటాం. నిజమే, మన రోజుకి చిల్లులెక్కువ. కానీ పడుకునే ముందు ఫోన్ మీద వేలు జారిపోయే ఆ అరగంట మాత్రం మనదే. కోటేశ్వరమ్మగారు ఏడు పదుల తర్వాత కూడా ఎలా నిలబడ్డారో చదివిన రాత్రి, మర్నాటి టిఫిన్ గురించిన దిగులు నన్ను అంతగా పీడించలేదు.

మరి మీకేం ఇవ్వను? నూరు పుస్తకాల జాబితా ఇస్తే ఎవరూ చదవరు. ఎవరికి ఏది ఇస్తానో చెబుతాను.

గంటసేపు కుదురుగా కూర్చోలేని చంటిపిల్లల తల్లికి సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఇస్తాను. చిన్న చిన్న కథలు, బాపు బొమ్మలు. పాలు కాగేలోపు ఒకటి అయిపోతుంది. కానీ ఆ కథ మాత్రం రోజంతా మనతోనే ఉంటుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఇస్తాను. 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ రాసిన నవల అదొక్కటే. 1961లోనే, చిన్న వయసులో పోయారు. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. తనకి కావలసింది కావాలని మొహమాటం లేకుండా అంటుంది. అరవై ఏళ్ళు దాటినా ఆ పిల్ల ఇంకా మన పక్కింట్లోనే ఉన్నట్టుంటుంది.

ఆడవాళ్ళకి చరిత్రేముందనే వారింట్లో 'మనకు తెలియని మన చరిత్ర' పెట్టొస్తాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథలు తామే చెప్పగా, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకమది. రిటైరైన అక్కయ్యలకి అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం' కథలు. ఊళ్ళో దళితవాడ బతుకెలా ఉంటుందో తెలియకుండానే పెరిగిన నాలాంటి వాళ్ళకి గోగు శ్యామల 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్ట తల్లి నయ్యం'. ఆ తెలంగాణ మాట మొదట కొత్తగా ఉన్నా, రెండో కథకే చెవికి పట్టేస్తుంది.

పుస్తకాలు కొనాలంటే డబ్బులేవి అంటారా? మా వీధిలో ఆరుగురం ఓ చీటీ మొదలుపెట్టాం. చీటీ అంటే డబ్బు చీటీ కాదు, పుస్తకాల చీటీ. నెలకి మనిషికి వంద రూపాయలు. ఎవరి వంతు వస్తే వాళ్ళు తమకి నచ్చిన పుస్తకాలు కొంటారు. షరతు ఒక్కటే: పుస్తకం ఇంకొకరికి ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు చెప్పాలి. నచ్చలేదని చెప్పినా సరే, ఎందుకు నచ్చలేదో చెప్పాలి.

పోయిన నెల మా కిందింటావిడ 'కాలాతీత వ్యక్తులు' తిరిగిస్తూ, "ఇందిర మరీ స్వార్థపరురాలండీ" అంది. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒప్పుకోలేదు. వాదన గట్టిగానే సాగింది. ఉన్నట్టుండి కిందింటావిడ ఆగి, "పదిహేనేళ్ళుగా నా జీతం కార్డు మా ఆయన దగ్గరే ఉంటుంది. నాకేం కావాలో నేనెప్పుడూ అడగలేదు. అందుకేనేమో ఆ పిల్లమీద నాకంత కోపం" అంది. ఎవరం మాట్లాడలేదు. పదేళ్ళుగా ఒకే మెట్లెక్కి దిగుతున్నాం. ఈ సంగతి మాకు తెలియదు. ఊరికే 'ఎలా ఉన్నారు' అని అడిగితే ఈ మాట బయటికొచ్చేదా? కార్డు ఇంకా ఆవిడ చేతికి రాలేదు. కానీ అడగాలన్న ఆలోచన వచ్చింది.

ఆ వందా కష్టమైతే మన గ్రంథాలయం ఉంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకమని మీకు తెలుసా? 1960 నాటి చట్టం ఏర్పాటది. అంటే ఆ పుస్తకాలు మన సొమ్ముతో కొన్నవే. అక్కడ పేపరు చదివే మగవాళ్ళే ఉంటారు, మనం వెళితే వింతగా చూస్తారు అంటారు. చూస్తారు, నేనూ ఎదుర్కొన్నాను. ఒక్కరే వెళ్ళలేకపోతే ఇద్దరు వెళ్ళండి. మూడో వారానికి వాళ్ళకి అలవాటైపోతుంది. మీరడిగిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాసివ్వండి.

భండారు అచ్చమాంబ బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901 నాటికే స్త్రీల చరిత్రలు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా కూర్చి మన చేతిలో పెట్టింది. చదువుకోవడానికి అంత పాట్లుపడ్డ వాళ్ళ మనవరాళ్ళం మనం. చదువొచ్చి కూడా చదవకుండా ఉండిపోతున్నామే!

నిన్న టీచరుగారికి ఫోన్ చేసి, 'నిర్జన వారధి' పూర్తయిందండీ అని చెప్పాను. ఈసారి నిజంగానే. "తర్వాతేంటి?" అన్నారు. అభినందిస్తారనుకుంటే మళ్ళీ హోమ్‌వర్కే!

అదే ప్రశ్న ఇప్పుడు మీకు. పుస్తకం పేరు, అది ఎవరి చేతిలో పెట్టాలనుకుంటున్నారో, ఎందుకో... ఓ పది వాక్యాల్లో మాకు రాయండి. వంటల పుస్తకమైనా సరే, పిల్లాడి తెలుగు వాచకమైనా సరే. నలభయ్యో పేజీలో ఆగిపోయిన పుస్తకమైతే ఆ సంగతే రాయండి, సిగ్గుపడక్కర్లేదు.

ఇంతకీ, మీరేం చదువుతున్నారు? పిల్లల సంగతి కాదు. మీరు.